తాడు వెనక కూర్చున్నవాడు కూడా డ్రైవరే

(హోసూరులో డ్రైవర్ల కుటుంబాల సాయంకాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి తాడు గురించి మాట్లాడతామని చెప్పినప్పుడు కొందరు నవ్వారు. "చెడిపోయిన బండికి తాడు కట్టి లాగడానికి కూడా మీటింగా?" అని ఒక అన్న అడిగారు. అడగాల్సిన మాటే. మన పిల్లల చదువులు, కూలి రేట్లు, ఇళ్ల పట్టాలు ఇవన్నీ ఉండగా తాడు ఏమిటి? ఎందుకో చెప్పాలంటే మా సంగతి ఒకటి ముందు చెప్పాలి. అందులో మా తప్పు కూడా ఉంది. దాచుకోవడం లేదు.

మూడేళ్ల కిందట కుప్పం వైపు ఒక పెళ్లికి వెళ్లి అద్దె వ్యానులో తిరిగి వస్తున్నాం. కృష్ణగిరి దాటాం, శూళగిరి ఇంకా రాలేదు. రాత్రి పదిన్నర అయింది. బెల్టు తెగింది, ఇంజను వేడెక్కి ఆగిపోయింది. డ్రైవరు బండి ఓనరుకు ఫోను చేశాడు. ఓనరు చెప్పింది ఒకటే మాట, "క్రేను పిలిస్తే వేలల్లో అడుగుతారు, దారిన పోయే ఏ బండికైనా కట్టి లాక్కొచ్చేయ్." ఆడవాళ్లను, పిల్లలను బస్సు ఎక్కించి పంపించాం. మేము నలుగురం మిగిలాం. కూరగాయలు దించి ఖాళీగా వస్తున్న చిన్న ట్రక్కు ఒకటి ఆగింది. 500 ఇస్తే శూళగిరి గ్యారేజీ దాకా లాగుతానన్నాడు. మాకు దేవుడు పంపినట్టే అనిపించింది.

లోడు కట్టే తాడునే రెండు పేటలు చేసి కట్టారు. ఇప్పుడు వ్యానులో స్టీరింగ్ దగ్గర ఎవరు కూర్చోవాలి? వ్యాను డ్రైవరు, "ముందు బండాయనకు గ్యారేజీ తెలీదు, నేను ముందు కూర్చుని దారి చెబుతా" అన్నాడు. క్లీనరు కుర్రాణ్ణి పిలిచి, "నువ్వు నడిపేదేం లేదురా, ఊరికే చక్రం పట్టుకో" అన్నాడు. వాడికి 19 ఏళ్లు. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని నెల కాలేదు. మేము పక్కనే నిలబడి ఉన్నాం. మాలో ఒక్కరం కూడా "వద్దు" అనలేదు. "జాగ్రత్త నాయనా" అని వాడి భుజం తట్టి, ఎక్కి వెనక కూర్చున్నాం.

కిలోమీటరున్నర బాగానే పోయింది. తాళం అలాగే ఉంచితే బ్యాటరీ దిగిపోతుందని వాడికి ఎవరో ఎప్పుడో చెప్పారట. తాళం తిప్పి బయటికి తీసేశాడు. సర్వీసు రోడ్డులోకి తిరిగే చోట చక్రం కొంచెం కదిపాడు, టక్కుమని లాకు పడింది. ముందు బండి ఎడమకు తిరిగింది, మా వ్యాను నేరుగా పోయింది. తాడు బిగుసుకుని తెగింది. వ్యాను గట్టుకు గుద్దుకుంది. కుర్రాడి కుడి మణికట్టు విరిగింది. మాలో ఒకరికి నుదుటి మీద కుట్లు పడ్డాయి. అంతటితో పోయింది. ఆ గట్టు దగ్గర మనిషి ఎవరైనా నిలబడి ఉంటే అన్న మాట ఇప్పటికీ మా ఇళ్లల్లో ఎవరమూ ఎత్తుకోం.

పోలీసు వచ్చి అడిగిన మొదటి మాట, "డ్రైవరెవరు?" అందరం ముందు బండి వైపు చూపించాం. ఆయన, "ఆ బండి సంగతి తరవాత. ఈ బండికి డ్రైవరెవరు?" అన్నాడు. ఈ బండికి డ్రైవరేమిటి సార్, ఇంజనే లేదు కదా, లాగుతుంటే వస్తోంది అన్నాం. ఆయన కుర్రాడి వైపు తిరిగి "లైసెన్సు తీయ్" అన్నాడు.

ఆ ప్రశ్న సరైనదేనని మాకు తరవాత, చట్టం పుస్తకం తెచ్చి చదివించుకున్నాక తెలిసింది. 1988 మోటారు వాహనాల చట్టంలో మొదట్లోనే మాటలకు అర్థాలు రాసి ఉంటాయి. సెక్షన్ 2లో 9వ అంశం డ్రైవరు అంటే ఎవరో చెబుతుంది. ఒక మోటారు బండిని ఇంకో మోటారు బండి లాగుతున్నప్పుడు, లాగించుకునే బండికి స్టీరింగు పట్టుకున్నవాడు కూడా డ్రైవరే అని అక్కడ రాసి ఉంది. ఇంగ్లీషులో వాడిన మాట 'స్టీర్స్‌మన్'. అంటే చుక్కాని పట్టేవాడు. యానాం వైపు నుంచి ఈ మాటలు చదివేవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. వెనక పడవలో ఇంజను లేకపోయినా చుక్కాని పట్టుకున్నవాడు నిద్రపోతే ఏమవుతుందో వాళ్లకు తెలుసు.

ఈ ఒక్క అర్థం దగ్గర కాస్త ఆగుదాం. మిగతావన్నీ దీనికి వేలాడుతున్నాయి. వాడు డ్రైవరే అయితే డ్రైవరుకు ఉండాల్సినవన్నీ వాడికి ఉండాలి. లైసెన్సు ఉండాలి, అదీ ఆ బండికి సరిపోయే లైసెన్సు. తాగి ఉండకూడదు. పెళ్లి నుంచి వచ్చేటప్పుడు ముందు బండాయన తాగలేదు కాబట్టి సరే, వెనక కూర్చునేవాడు ఒక గ్లాసు వేసుకున్నా పర్వాలేదు అనుకుంటాం. చట్టానికి ఇద్దరూ ఒకటే. వయసు కూడా అంతే. 18 నిండని పిల్లవాణ్ణి కారు స్టీరింగు ముందు కూర్చోబెడితే, 2019లో చేర్చిన 199ఎ సెక్షన్ ప్రకారం తండ్రికో సంరక్షకుడికో బండి ఓనరుకో మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా రాసి ఉంది. "ఇంజను ఆగిపోయింది కదా సార్" అన్నది జవాబు కాదు.

ఎల్‌ఎల్‌ఆర్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మా కుర్రాడు ఆస్పత్రిలో కూడా "నాకు ఎల్‌ఎల్‌ఆర్ ఉందన్నా" అంటూనే ఉన్నాడు. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవాడు బండి నడపాలంటే పక్కన పూర్తి లైసెన్సు ఉన్న నేర్పేవాడు, అవసరమైతే బండిని ఆపగలిగేలా కూర్చుని ఉండాలి. ఆ రాత్రి వాడికి నేర్పాల్సిన మనిషి ముందు ట్రక్కులో కూర్చుని దారి చెబుతున్నాడు.

ఇంకో అన్న ఇందాక బయట అడిగారు, చిన్న కారు లైసెన్సు ఉన్నవాడు సరుకు బండిలో కూర్చోవచ్చా అని. తేలికపాటి బండి లైసెన్సు ఉంటే మొత్తం బరువు 7,500 కిలోలు దాటని సరుకు బండిని కూడా నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. కాబట్టి చిన్న ట్రక్కుకు ఆ లైసెన్సు చాలు. పెద్ద లారీ ఆగిపోతే మాత్రం అందులో కూర్చునేవాడికి పెద్ద బండి లైసెన్సే ఉండాలి. లారీ కదలకపోయినా, లాగుతుంటే వస్తున్నా అంతే.

లైసెన్సు లేకుండా నడిపినవాడికి సెక్షన్ 181 కింద మూడు నెలల దాకా జైలు గానీ, 5,000 జరిమానా గానీ, రెండూ గానీ. లైసెన్సు లేనివాడికి బండి ఇచ్చిన ఓనరుకు సెక్షన్ 180 కింద అదే శిక్ష. కాగితం మీద ఇద్దరికీ సమానం. జరిగేది వేరు. మా విషయంలో ఓనరు ఫోనులో, "నేను వాణ్ణి కూర్చోబెట్టమన్నానా?" అన్నాడు. నిజమే, అనలేదు. "ఎలాగోలా లాక్కురా" అన్నాడంతే. ఆ 'ఎలాగోలా'లో ఎవరో ఒకరు కూర్చోవాల్సిందే కదా. డ్రైవరు కూర్చోడు, అతనికి పైన పని ఉంది. మేము కూర్చోం, మేము కిరాయి ఇచ్చిన పెద్దమనుషులం. మిగిలింది క్లీనరు. మన ఇళ్లల్లో చూడండి, ఎప్పుడైనా తాడు కట్టినప్పుడు వెనక ఎవరు కూర్చున్నారు? తమ్ముడి కొడుకు, షాపులో పనిచేసే కుర్రాడు, గ్యారేజీలో హెల్పరు. కాదనే ధైర్యం లేనివాడే ఎప్పుడూ అక్కడ కూర్చుంటాడు. మీటింగు ఎందుకు పెట్టామన్న ప్రశ్నకు మా జవాబు ఇదే.

తాడు ఎలా కట్టాలన్నదానికి కూడా నిబంధన ఉంది. 1989లో వచ్చిన రోడ్డు నిబంధనల్లో 20వది లాగడం గురించే. 2017లో వాటి స్థానంలో కొత్త డ్రైవింగు నిబంధనలు వచ్చాయి గానీ ఈ విషయంలో అసలు పద్ధతి పాతదే. ఇవి కేంద్రం చేసినవి. కాబట్టి హోసూరులో ఒక రకం, సరిహద్దు దాటి అత్తిబెలెలో ఇంకో రకం అని లేదు. బళ్లారిలో, బరంపురంలో, షోలాపూరులో, యానాంలో ఉన్న మనవాళ్లకూ ఇవే.

అసలు ఎప్పుడు లాగొచ్చు? బండి మెకానికల్‌గా చెడిపోయి ఉండాలి. లాగేది దగ్గర్లో ఉన్న గ్యారేజీకో పెట్రోలు బంకుకో. మన ఊరి మెకానిక్కు తక్కువ తీసుకుంటాడని శూళగిరి వదిలేసి హోసూరు దాకా తాడుతో లాక్కుని రావడానికి ఈ నిబంధన రాయలేదు. బ్యాంకువాళ్లు సీజు చేస్తారని భయపడి బాగున్న బండిని తాడు కట్టి పక్క ఊరికి తీసుకుపోవడమూ దీని కిందికి రాదు. నవ్వకండి, అలా చేసినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు.

ముందు బండి వెనక భాగానికీ, వెనక బండి ముందు భాగానికీ మధ్య ఖాళీ 5 మీటర్లు దాటకూడదు. అంటే ఒక కారు పొడవు, ఇంకో అడుగో రెండడుగులో. చాలామంది తాడు ఎంత పొడవుంటే అంత మంచిదనుకుంటారు, బ్రేకు వేయడానికి టైము దొరుకుతుందని. ఊళ్లో మన రోడ్లు గుర్తు తెచ్చుకోండి. రెండు బళ్ల మధ్య పది మీటర్ల సందు కనబడితే టూవీలరువాడు దూరకుండా ఉంటాడా? చీకట్లో వాడికి తాడు కనబడదు. వాడి మెడ ఏ ఎత్తున ఉంటుందో, తాడు ఏ ఎత్తున ఉంటుందో ఆలోచించండి. అందుకే తాడుగానీ గొలుసుగానీ మిగతావాళ్లకు తేలిగ్గా కనబడే రకంగా ఉండాలని కూడా అదే నిబంధనలో ఉంది. ఎర్ర గుడ్డ ముక్కలు రెండు మూడు చోట్ల కట్టండి. మధ్యలో ఒక పాత గోనెసంచి వేలాడదీస్తే ఇంకా మంచిది. తాడు తెగినా అద్దం మీదికి ఎగిరి రాకుండా దాని బరువు కిందికి లాగుతుంది.

వెనక బండికి వెనకాల ఒక బోర్డు పెట్టాలి. తెల్లటి నేల మీద నల్లటి అక్షరాలు, ఒక్కో అక్షరం ఎత్తు 75 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, అంటే మూడంగుళాలు. రాయాల్సింది ఇంగ్లీషులో 'ఆన్ టో' అని. తమిళంలోనో కన్నడంలోనో తెలుగులోనో రాస్తే ఎక్కువమందికి అర్థమయ్యేది కదా అని మాకూ అనిపించింది. చట్టం ఇంగ్లీషు మాటే అడుగుతోంది. అది రాసి, కింద మీ భాషలో కూడా రాసుకోండి, ఎవరూ కాదనరు. మాకు తెలిసినంతలో ఈ బోర్డు పెట్టి లాగిన బండిని ఈ రోడ్డు మీద మేము ఒక్కసారి కూడా చూడలేదు.

ఇక స్పీడు. 1989 నిబంధనలో గంటకు 24 కిలోమీటర్లు దాటకూడదని ఉంది. ఆ 24 ఏమిటి, 25 అని రాయొచ్చు కదా అని మాకు అనుమానం వచ్చింది. 15 మైళ్లను కిలోమీటర్లలోకి మారిస్తే దాదాపు అదే వస్తుంది. సైకిలు గట్టిగా తొక్కితే వచ్చే స్పీడు. అంతకంటే ఎందుకు వద్దో చిన్న లెక్క చూడండి. గంటకు 24 కిలోమీటర్లంటే సెకనుకు ఆరున్నర మీటర్ల పైమాటే. మధ్యలో ఉన్నది 5 మీటర్లు. ముందు బండి ఎక్కడైనా ఠక్కున ఆగిందనుకోండి, వెనకవాడి చేతిలో ఉన్నది ముప్పావు సెకను. ఆ ముప్పావు సెకనులో చూడాలి, కాలు ఎత్తాలి, బ్రేకు తొక్కాలి. 40లో పోతే సగం సెకను కూడా ఉండదు.

ఆ బ్రేకు కూడా మామూలు బ్రేకు కాదు. ఇంజను ఆగిన కారులో బ్రేకు ఒకటి రెండుసార్లు మామూలుగా పడుతుంది, ఆ తరవాత రాయిలా అయిపోతుంది. రెండు కాళ్లతో తొక్కాల్సి వస్తుంది. బ్రేకుకు బలం ఇచ్చే వాక్యూం ఇంజనుతోనే తయారవుతుంది కాబట్టి. పవర్ స్టీరింగు ఉన్న బండిలో చక్రం కూడా అలాగే బరువెక్కుతుంది. అంటే చూడండి, రోజూ నడిపే బండి కంటే తాడు వెనక ఉన్న బండిని నడపడం కష్టం. దానికి బాగా చేయి తిరిగినవాడు కావాలి. మనం ఏం చేస్తున్నాం? తిరగనివాణ్ణి కూర్చోబెడుతున్నాం, "ఊరికే చక్రం పట్టుకో" అని.

తాళం తీయకూడదు. మా కుర్రాడి సంగతి చెప్పాం కదా. తాళం ఆన్‌లో ఉంటే స్టీరింగు లాకు పడదు, బ్రేకు లైటు వెలుగుతుంది. గేరు న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్ బ్రేకు దించాలి. ఇవి మీకు తెలిసినవే. తెలియనివాళ్లకు ఎక్కించే ముందు చెప్పారా అన్నదే మా ప్రశ్న.

ఎయిర్ బ్రేకు బళ్లు నడిపే అన్నలకు ఒక మాట. గాలి దిగిపోతే ఆ బ్రేకు తనంతట తానే పట్టేసుకుంటుంది. దాన్ని మెకానిక్కు చేత విప్పించి లాగితే అసలు బ్రేకే లేని లారీని తాడు మీద నమ్మి వదిలినట్టు. దానికి తాడు పనికిరాదు, ఇనప రాడ్డో క్రేనో ఉండాలి. ఆటోమేటిక్ గేరు కార్లు, కరెంటు కార్లు నేల మీద చక్రాలు తిరుగుతుండగా లాగితే గేరుబాక్సో మోటారో పాడయ్యే రకాలు ఉన్నాయి. బండితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది, చూసి కట్టండి. క్రేను ముందు చక్రాలను పూర్తిగా పైకెత్తి గట్టిగా పట్టుకుంటే వెనక బండిలో ఎవరూ కూర్చోనక్కర్లేదని నిబంధనే చెబుతోంది. డబ్బు ఎక్కువైనా క్రేనులో ఉన్న మేలు అది. మనిషిని అక్కడ పెట్టాల్సిన పని ఉండదు.

ఇక్కడ ఒక తమ్ముడు చేయి ఎత్తుతున్నాడు. టూవీలరు ఆగిపోతే వెనక బండి మీద నుంచి కాలితో తోసుకుంటూ పోవచ్చా అంటున్నాడు. ఆ నిబంధనలో తాడు ఉంది, గొలుసు ఉంది, క్రేను ఉంది. కాలు అనే మాట మాత్రం ఎక్కడా లేదు. నడిపించుకుంటూ పో నాయనా.

డబ్బు సంగతికి వద్దాం. మీలో సగం మందికి ఇది నేరుగా తగిలేది. మీరు సరుకు బండి నడుపుతున్నారు. దారిలో ఆగిపోయిన బండి కనబడింది. లాగినందుకు 500 ఇస్తామన్నారు. పిల్లల ఫీజుకో డీజిలుకో వస్తుంది కదా అని కట్టారు. మీ బండి ఇన్సూరెన్సు కాగితం తీసి, 'వాడకం మీద పరిమితులు' అన్న చోట చదవండి. సరుకు బండి పాలసీలో ట్రైలరు లాగుతున్నప్పుడు రక్షణ లేదని రాసి, ఒక మినహాయింపు ఇస్తారు. చెడిపోయిన ఒక్క మోటారు బండిని లాగొచ్చు, కానీ ప్రతిఫలం తీసుకోకుండా. ఊరికే లాగితే పాలసీ లోపల ఉన్నారు. డబ్బు తీసుకున్నారంటే కంపెనీకి వాదన దొరికింది. ఆ 500 కోసం లక్షల బాకీకి తలుపు తెరిచినట్టు.

ఇది అన్యాయం కాదా అని అడగొచ్చు. గంట సేపు తన పని ఆపుకుని, తన డీజిలు కాల్చి, తన క్లచ్చు అరగదీసుకుని లాగినవాడికి ఏమీ రాకూడదా? మాకూ బాధగానే ఉంది. మాకు ఆ రాత్రి సాయం చేసిన ట్రక్కు అన్న మంచివాడు. మేమే అతని చేతిలో 500 పెట్టి అతన్ని ఇరకాటంలో పెట్టాం. పోలీసు దగ్గర అతను "ఊరికే లాగాను సార్" అన్నాడు, మేము తల ఊపాం. అది అబద్ధం. ఆ అబద్ధం మా మీద ఉంది. చేయగలిగింది ఏమిటంటే, లాగడాన్ని బేరంగా మార్చకండి. లాగడమే పనిగా పెట్టుకున్నవాళ్లు దానికి తగ్గ బండి, తగ్గ పాలసీ పెట్టుకుని చేస్తారు.

వెనక కూర్చున్నవాడికి లైసెన్సు లేకపోతే ఇన్సూరెన్సు ఏమవుతుంది? 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, లైసెన్సు లేదన్న ఒక్క కారణంతో కంపెనీ చేతులు దులుపుకోలేదు, ఓనరు తెలిసీ తప్పు చేశాడనో అశ్రద్ధ చేశాడనో చూపించాలి. దెబ్బ తగిలిన మూడో మనిషికి ముందు కంపెనీ చేత ఇప్పించి, తరవాత ఓనరు దగ్గర రాబట్టుకోమని కోర్టులు చెబుతుంటాయి. దెబ్బ తిన్నవాడికి అది మేలే. కానీ ఓనరు మన లాంటివాడే అయితే, ఒక్కటే ఆటో ఉన్నవాడైతే, ఆ రాబట్టుకోవడం ఆటో అమ్మినా తీరదు.

జరిమానాల సంగతి త్వరగా చెప్పేస్తాం, అవి చిన్నవి. లాగే నిబంధనలు తప్పితే సెక్షన్ 177ఎ, 500 నుంచి 1,000 దాకా. రోడ్డుకు అడ్డంగా బండి ఉంచితే సెక్షన్ 201, 500 దాకా. ఈ 201లో 2019లో మనకు పనికొచ్చే ఒక మాట చేర్చారు. బండి అనుకోకుండా చెడిపోయి, దాన్ని తీసే ప్రయత్నం జరుగుతుంటే ఆ జరిమానా వర్తించదు. కాబట్టి ఎవరైనా చలానా రాయబోతే గొడవ పడకండి, మెకానిక్కుకో క్రేనుకో చేసిన ఫోను చూపించి ఈ మాట చెప్పండి. బండిని అక్కడే వదిలి ఇంటికి పోయి పడుకుంటే మాత్రం ఈ మాట పనిచేయదు. ఎవరూ లేకుండా పది గంటలు వదిలేస్తే, అంతకంటే ముందే అది ప్రమాదకరంగా ఉంటే అప్పటికప్పుడే, సెక్షన్ 127 కింద పోలీసులు తీయించేయొచ్చు. ఖర్చు ఓనరుదే.

జాతీయ రహదారి మీద ఆగిపోతే 1033కు ఫోను చేయండి. మా రాత్రి మాకు ఆ నంబరు తెలిసి ఉంటే ఈ కథే లేదు. ఎదురుచూడాల్సి రావొచ్చు. ఎదురుచూసేటప్పుడు బండిలో కూర్చోకండి, రోడ్డు అంచుకు దూరంగా నిలబడండి, వెనక బాగా దూరంగా ట్రయాంగిలు పెట్టండి, నాలుగు ఇండికేటర్లూ వెయ్యండి. పక్కన 80లో, 100లో బళ్లు పోయే రోడ్డు మీద తాడు కట్టి 24లో పోవడం చట్టానికి సరిపోయినా ప్రాణానికి సరిపోదు.

'మంచి సమరయుడు' చట్టం ఉంది కదా, సాయం చేసినవాడి మీద కేసు ఉండదు కదా అని ఒక అక్క అడిగారు. ఉంది. 2016లో సుప్రీంకోర్టు తీర్పుతో బలం వచ్చింది, 2019లో 134ఎ సెక్షనుగా చట్టంలోకి వచ్చింది. మన ఆదివారం బడిలో పిల్లలకు చెప్పే కథ పేరే ప్రభుత్వ చట్టంలో చూసి మాకూ సంతోషమైంది. కానీ అది ప్రమాదం జరిగిన చోట దెబ్బతిన్నవాణ్ణి ఆదుకున్నవాడికి, ఆస్పత్రికి చేర్చినవాడికి. అదీ మంచి మనసుతో, ప్రతిఫలం ఆశించకుండా చేసినవాడికి. రోడ్డు మీద పడి ఉన్న మనిషిని చూస్తే భయపడకుండా ఆగండి, ఆ రక్షణ మీకుంది. పేరు చెప్పమని కూడా మిమ్మల్ని బలవంతం చేయకూడదు. ఆగిపోయిన బండికి తాడు కట్టడం వేరే పని. ఆ పేరు చెప్పి లైసెన్సు లేనివాణ్ణి కూర్చోబెట్టడం కుదరదు.

కుర్రాడి ఆస్పత్రి ఖర్చు మేము నలుగురం, ఇంకొందరు పెద్దలు కలిసి కట్టాం. ఓనరు కొంత ఇచ్చాడు, చాలాసార్లు తిరిగాక. వాడికి మణికట్టు కుదిరింది గానీ పూర్తిగా తిరగదు. లైసెన్సు టెస్టుకు ఏడాది తరవాత వెళ్లాడు, పాసయ్యాడు. ఈ మాటలు ఇక్కడ చెప్పొచ్చా అని వాణ్ణి అడిగాం. "చెప్పండి, కానీ తాళం తీసింది నేనే అని కూడా చెప్పండి" అన్నాడు. చెప్పాం. వాడికి తాళం తీయకూడదని చెప్పనిది మేమని కూడా చెబుతున్నాం.

క్లీనరు తమ్ముళ్లు, హెల్పరు తమ్ముళ్లు ఈ హాల్లో పదిహేను మంది దాకా ఉన్నారు. మీకు ఒక కాగితం ఇస్తున్నాం. అందులో సెక్షన్ 2(9), 180, 181 తెలుగులో, తమిళంలో, కన్నడంలో రాసి ఉన్నాయి. "నువ్వు కూర్చో" అని ఎవరైనా అంటే నోటితో వాదించక్కర్లేదు, ఆ కాగితం చేతికి ఇవ్వండి. డ్రైవరన్నలూ, ఆ కాగితం మీ చేతికి వస్తే కోప్పడకండి. వెనక మీరు కూర్చోండి, దారి చెప్పడానికి కుర్రాణ్ణి ముందు పంపండి. దారి చెప్పడానికి లైసెన్సు అక్కర్లేదు కదా.

ఆ మూల బల్ల మీద తాడు ఒకటి, కొక్కేలు, 'ఆన్ టో' బోర్డు ఉన్నాయి. సంఘం తరఫున చేయించాం. ఎవరికి అవసరమైనా పుస్తకంలో పేరు రాసి తీసుకుపోవచ్చు. టీ తాగాక బళ్లు బయట లైటు కిందికి తెచ్చి పెట్టండి. లాగే కొక్కెం చాలా కార్లలో స్టెప్నీ దగ్గర సామాన్ల సంచిలో విడిగా ఉంటుంది, బంపరులో చిన్న మూత తీసి మర బిగించాలి. బంపరుకే తాడు కట్టి బంపరు ఊడదీసుకున్నవాళ్లు ముందుగా రండి, మీ బండితోనే మొదలుపెడదాం.